భారతదేశంలో సహిత విద్య

వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఒకే తరగతిలో కలిసి చదువుకునేలా బడిని తీర్చిదిద్దే పద్ధతి సహిత విద్య. దీన్ని సమ్మిళిత విద్య అని కూడా అంటారు. భారతదేశంలో ఈ చదువు చాలాకాలం దాతల దయ మీద నడిచింది. హక్కుగా చట్టంలోకి ఎక్కింది 1995లోనే.

19వ శతాబ్ది చివర్లో బొంబాయిలో బధిరుల పాఠశాల, అమృత్‌సర్‌లో మిషనరీ ఆనీ షార్ప్ స్థాపించిన అంధుల పాఠశాల వెలిశాయి. ఆ తర్వాత వచ్చినవీ ఎక్కువగా పట్టణాల్లోనే ఉండేవి. పల్లెలో పుట్టిన చూపులేని పిల్లకు చదువు కావాలంటే అమ్మానాన్నలను వదిలి దూరపు హాస్టల్లో చేరాలి, లేదా ఇంట్లోనే ఉండిపోవాలి. ఈ పిల్లల చదువు సాధారణ విద్యావ్యవస్థలో విడదీయరాని భాగం కావాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించింది. 1974లో కేంద్రం వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం తెచ్చి పుస్తకాలకు, యూనిఫాంకు, రవాణాకు సాయం అందించింది. అయితే ఆ పథకాన్ని సంక్షేమ శాఖకు అప్పగించారు. అది విద్యాశాఖ చేతికి వచ్చింది 1982లో. అంతవరకూ ఈ పిల్లలను ప్రభుత్వం విద్యార్థులుగా కాక సాయం పొందేవారిగానే చూసిందనుకోవాలి.

సమీకృత విద్యలో బడికి తగ్గట్టు సర్దుకోవాల్సింది పిల్లలే. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 దేశాల ప్రభుత్వాలు పాల్గొన్న సదస్సు ఆ బాధ్యతను బడి మీద పెట్టింది. మరుసటి ఏడాది భారత పార్లమెంటు చేసిన వికలాంగుల చట్టం 18 ఏళ్లు నిండేవరకూ ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. ఆ చట్టం గుర్తించిన వైకల్యాలు 7 మాత్రమే. ఆటిజం అందులో లేదు. అక్షరాలు తారుమారయ్యే డిస్లెక్సియా పిల్లలూ లేరు. తరగతి గదిలో వాళ్లకు దక్కింది ‘మొద్దు’ అన్న పేరే. 2016 చట్టం జాబితాను 21కి పెంచి ఈ రెండింటినీ చేర్చింది. వివక్ష లేకుండా చేర్చుకోవాలని, భవనాన్ని అందుబాటులోకి తేవాలని, అవసరమైన చోట బ్రెయిలీలో, సైగల భాషలో బోధించాలని, పరీక్షలో అదనపు సమయం, లేఖకుణ్ని ఇవ్వాలని నిర్దేశించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6–18 ఏళ్ల పిల్లలు దగ్గరి బడినో, ప్రత్యేక పాఠశాలనో తామే ఎంచుకోవచ్చు.

ఈ మధ్యలో వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం తొలి రూపంలో వైకల్యం ఉన్న పిల్లలు ‘ప్రతికూల పరిస్థితుల్లోని వర్గాల’ నిర్వచనంలో లేరు. 2012 సవరణ వాళ్లను చేర్చింది. దాంతో ప్రైవేటు బడుల్లోని 25 శాతం కోటాకు వాళ్లూ అర్హులయ్యారు. తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇంటివద్ద చదువుకునే హక్కూ ఆ సవరణే ఇచ్చింది. మంచం దిగలేని బిడ్డకు అది నిజంగా అవసరం. కానీ బడికి రాగలిగిన బిడ్డను వద్దని పంపేయడానికి అది సాకు కాకూడదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ హక్కు తల్లిదండ్రులకు కనిపించే రూపం వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, మండల స్థాయి భవిత కేంద్రం. అక్కడ పిల్లలకు ఫిజియోథెరపీ అందిస్తారు, బడికి సిద్ధం చేస్తారు. ఈ పని చేసే సహిత విద్యా రిసోర్స్ టీచర్లు (ఐఈఆర్‌టీలు) కాంట్రాక్టు ఉద్యోగులు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ దశాబ్దాలుగా ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తోంది. అలా శిక్షణ పొందినవారికి బడుల్లో శాశ్వత కొలువులు చాలినన్ని లేకపోవడమే ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద లోటు. ర్యాంపు కట్టినా, ఆ బిడ్డకు పాఠం చెప్పడం తెలిసిన మాస్టారు లేకపోతే తరగతిలో చోటు దొరుకుతుందే గాని చదువు దొరకదు.

ఈ విషయం సుప్రీంకోర్టు వరకూ వెళ్లింది. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పు వైకల్యం ఉన్న పిల్లల్లో ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని, శాశ్వత పోస్టులు సృష్టించాలని ఆదేశించింది. అమలు నత్తనడకన సాగడంతో, మంజూరు చేసిన పోస్టులను ప్రకటించాలని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలను మళ్లీ ఆదేశించింది.