లండన్ నడిబొడ్డున అడ్డంగా ఆపిన కారు

లండన్ నడిబొడ్డున నిబంధనలకు విరుద్ధంగా ఆపిన కారును ఎత్తుకెళ్లే పని ఇవాళ ప్రధానంగా స్థానిక కౌన్సిళ్లది, పెద్ద రోడ్ల మీద నగర రవాణా సంస్థది. ఒకప్పుడు అది పూర్తిగా పోలీసుల పని. వాళ్ల చేతి నుంచి కౌన్సిళ్ల చేతికి ఎలా వచ్చిందన్నదే ఈ చరిత్రలో తెలుసుకోదగ్గ విషయం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1950లో పెట్రోలు రేషన్ ఎత్తేశాక కార్లు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. మేఫెయిర్, సోహో పేటల వీధులేమో గుర్రపు బగ్గీల కాలం నాటివి. ఇరువైపులా కార్లు నిలిపితే మధ్యలో దారి మిగలదు. 1958 జూలై 10న మేఫెయిర్‌లో 625 పార్కింగ్ మీటర్లు పెట్టారు. రోడ్డు పక్కన కారు ఆపితే మీటరులో డబ్బు వేయాలన్న నియమం బ్రిటన్‌లో మొదలైంది అక్కడే. వాటిని కనిపెట్టుకుని ఉండటానికి పోలీసులు చాలక 1960లో ట్రాఫిక్ వార్డెన్లను నియమించారు. వాళ్లు రాసిన తొలి చలానా ఒక డాక్టరుకు పడింది. సోహోలోని హోటల్లో ఒకరికి గుండెపోటు వచ్చిందని కబురందితే ఆయన కారు ఆపి లోపలికి పరుగెత్తారు. జనం మండిపడటంతో ఆ జరిమానా రద్దయింది. రోడ్డు ఖాళీగా ఉంచాలన్న పట్టుదల ఎంత న్యాయమైనదైనా, విచక్షణ లేకపోతే నిలవదని మొదటి రోజుల్లోనే తేలిపోయింది.

1983లో చక్రానికి బిగించే ఇనుప తాళం లండన్ వీధుల్లోకి వచ్చింది. అమెరికాలోని డెన్వర్‌లో 1950లలో వాడుకలోకి వచ్చిన ఈ సాధనం మొండి బకాయిదార్లకు బాగా పనికొచ్చింది. కానీ రద్దీ తగ్గించడానికి అది సరైన మందు కాదు. దారికి అడ్డంగా ఉన్న కారుకు తాళం వేస్తే ఆ అడ్డం గంటల తరబడి అక్కడే ఉంటుంది. బస్సుల దారిలో, మలుపులో, అగ్నిమాపక బండి వెళ్లాల్సిన చోట కారును ఎత్తి తీసుకుపోవడమే మార్గం.

అసలు మలుపు 1991 రోడ్డు ట్రాఫిక్ చట్టం. మామూలు పార్కింగ్ తప్పులు నేరాల జాబితా నుంచి బయటికొచ్చి సివిల్ వ్యవహారమయ్యాయి. 1993, 94లలో లండన్ కౌన్సిళ్లు ఆ బాధ్యత తీసుకున్నాయి. జరిమానా వేసే చేతికే డబ్బు కూడా అందితే ఆశ పుట్టడం సహజం. దానికి చట్టంలోనే కళ్లెం ఉంది: పార్కింగ్ మీద మిగిలిన సొమ్మును రవాణా వంటి నిర్దేశిత పనులకే వాడాలి. బార్నెట్ కౌన్సిల్ నివాసుల పర్మిట్ రుసుమును 40 పౌండ్ల నుంచి 100 పౌండ్లకు పెంచినప్పుడు, ఆదాయం కోసం అలా పెంచడం చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది.

ప్రైవేటు స్థలాల కథ వేరు. అక్కడ కాంట్రాక్టర్లు కార్లకు తాళాలు బిగించి అడిగినంత గుంజేవారు. స్కాట్లాండ్ కోర్టు 1992లోనే దీన్ని బలవంతపు వసూలుగా, దొంగతనంగా తేల్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో నిషేధం 2012 అక్టోబరు 1న గానీ రాలేదు. ఆ ఇరవై ఏళ్ల జాప్యానికి మామూలు జనం చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

ఇక కారు ఎత్తే తీరు. ముందు ఉద్యోగి అద్దానికి నోటీసు అంటించి ఫొటోలు తీస్తాడు. డబ్బు కట్టి నిలిపే చోట గడువు దాటిన కారయితే నోటీసు ఇచ్చాక మామూలుగా 30 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత లారీ మీది క్రేన్ నాలుగు చక్రాలకూ పట్టీలు వేసి కారును నిలువునా పైకి లేపుతుంది. ముందు చక్రాలెత్తి ఈడ్చుకుపోతే గేర్‌బాక్సు, హ్యాండ్‌బ్రేకు దెబ్బతినవచ్చు; మొత్తంగా ఎత్తితే ఆ భయం తక్కువ. కారు కనపడక కంగారుపడే యజమాని ఫోన్ చేస్తే ఏ యార్డులో ఉందో చెప్పే ఉమ్మడి సేవ నగరమంతటికీ ఉంది.

2025 నుంచి కారు విడిపించుకోవడానికి 280 పౌండ్లు, యార్డులో ఉంచినందుకు రోజుకు 55 పౌండ్లు, ఆపైన చలానా. మన మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కూడా నిషేధిత చోట ఆపిన బండిని తరలించే అధికారాన్ని యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారికి ఇచ్చింది. లండన్‌లో మాత్రం డబ్బు కట్టి కారు తెచ్చుకున్నాక కౌన్సిల్‌కు అభ్యంతరం తెలపవచ్చు. కౌన్సిల్ కాదంటే దానితో సంబంధం లేని స్వతంత్ర న్యాయనిర్ణేత ముందుకు రుసుము లేకుండా వెళ్లవచ్చు. అక్కడ గెలిస్తే కట్టిన సొమ్ము వెనక్కి వస్తుంది.