పటికా, రంగూ, ఒక చర్మపు ముక్క

బ్యోబ్లింగెన్ కంప్యూటర్ల ఊరు. ఐ.బి.ఎం. ప్రయోగశాల 1953లోనూ, హ్యూలెట్-పాకార్డ్ 1959లోనూ ఇక్కడికి వచ్చాయి. చాలా ఏళ్ళ తరవాత వాటి వెనకే మనవాళ్ళూ వచ్చారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. ఈ ఊళ్ళో ఉండి నేను చర్మం గురించీ, రంగుల గురించీ చదువుతానని ఎప్పుడూ అనుకోలేదు.

వీపు మీద పుట్టుమచ్చ ఒకటి అంచులు మారుతోందని మా ఆవిడ పట్టుబట్టి పంపింది. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసి, అక్కడికక్కడే దాన్ని కోసి చిన్న సీసాలో వేసింది. పది రోజుల్లో తెలుస్తుందంది. అంతకు ముందు నింపిన కాగితంలో “కుటుంబంలో చర్మవ్యాధులు ఉన్నాయా?” అన్న గడి ఒకటి ఖాళీగా వదిలేశాను. దాని సంగతి తరవాత చెబుతాను.

సీసాలోది ఫార్మలిన్. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే డాక్టరు దాన్ని సూక్ష్మక్రిముల మీద పరీక్షిస్తూ, తన వేళ్ళ చర్మం గట్టిపడటం గమనించాడు. అప్పట్నుంచీ కోసిన ముక్కలు కుళ్ళకుండా ఉంచడానికి అదే వాడుతున్నారు. తరవాత ముక్కలోని నీరు తీసేసి, మైనంలో పొదిగి, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చటి పొరలుగా కోస్తారు. అంతా చేశాక కూడా సూక్ష్మదర్శినిలో కనబడేది ఇంచుమించు ఏమీ లేదు. కణాలు గాజు మీద గాజులా ఉంటాయి. రంగు వెయ్యాలి.

ఇక్కడే నాకు పెడన గుర్తొచ్చింది. కలంకారీ గుడ్డ మీద పటిక అద్దిన చోటే ఎరుపు పడుతుంది, మిగతా చోట నిలవదు. 1865లో బ్యోమర్ అనే జర్మన్ చేసిందీ అదే పని. మధ్య అమెరికా చెట్టు చేవలోంచి తీసే హెమటాక్సిలిన్‌కి పటిక కలిపాడు. అది కణాల కేంద్రకాలని పట్టుకుని నీలంగా నిలిచిపోయింది. చుట్టూ ఉన్న పదార్థానికి గులాబీ రంగు వేసేది ఇయోసిన్. ఈ రెంటినీ కలిపి వాడటం 1876లో మొదలైంది. ఇప్పటికీ ఏ దేశంలో కణితి ముక్క తీసినా ముందు వేసేది ఈ జంట రంగులే. కేంద్రకాలు ఉబ్బి, ఒకదానికొకటి పోలిక లేకుండా, చీలిపోతూ కనబడితే పరీక్షించేవాడికి అనుమానం మొదలవుతుంది.

ఇయోసిన్‌ని చేసినవాడు హైన్రిష్ కారో, బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ రసాయనవేత్త. గ్రీకుల ఉషోదేవత ఈయోస్ పేరు దానికి పెట్టారు. మన ఉషస్సుకి ఆ మాట దూరపు చుట్టమే. ఈ కారోయే 1869లో గ్రేబే, లీబర్మన్‌లతో కలిసి అలిజరిన్ ఎరుపుని ఫ్యాక్టరీలో చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో బందరు తీరంలో ఎరుపు కోసం తవ్వే చిరువేరుకి గిరాకీ పోయింది. 1873లో స్టుట్‌గార్ట్ రంగుల వ్యాపారులు క్నోస్ప్, సీగ్లే ఆ కంపెనీలో కలిశారు. మా ఊరినుంచి స్టుట్‌గార్ట్ రైల్లో అరగంట లోపే. మన అద్దకంవాళ్ళ పొట్ట కొట్టిన చేతులే నా మచ్చకి జాతకం రాసే రంగునీ చేశాయన్నమాట. ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు.

అయితే రంగు చెప్పేది దాని దగ్గరికొచ్చిన ముక్క గురించే. 1887లో జర్మన్ యువరాజు ఫ్రెడరిక్ గొంతులో పుండు లేస్తే, ఆపరేషన్ చెయ్యాలన్నాడు బెర్గ్‌మన్. ముందు ముక్క తీసి చూడాలన్నాడు ఇంగ్లండునుంచి వచ్చిన మెకెంజీ. ముక్కలు చూసినవాడు సాక్షాత్తూ వీర్కో, వ్యాధి కణంలో పుడుతుందని 1858లో పుస్తకం రాసినవాడు. కేన్సరు కనబడలేదన్నాడు. ఆయన చూసిన ముక్కల్లో లేదేమో, గొంతులో ఉంది. ఫ్రెడరిక్ 99 రోజులు చక్రవర్తిగా ఉండి 1888 జూన్ 15న పోయాడు. ఆ పది రోజుల్లో ఈ కథ చదవకుండా ఉండవలసింది.

ఇక చర్మం. 1873లో నార్వేలో హాన్సెన్ కుష్ఠు గడ్డల్లో సన్నటి కడ్డీల్లాంటివి చూశాడు. 1879లో నైసర్ అనే జర్మన్ యువకుడు ఆయన దగ్గర ముక్కలు పుచ్చుకుని బ్రెస్లావ్ తీసికెళ్ళి, అనిలిన్ రంగులు వేసి ఆ కడ్డీలని అందరికీ కనబడేలా చేశాడు. ఘనత ఎవరిదని ఇద్దరికీ తగాదా కూడా అయింది. 1882-83ల్లో సీల్, నీల్సన్‌ల ఎర్రరంగు పద్ధతి వచ్చింది. యాసిడ్‌తో కడిగినా క్షయ క్రిమి ఎరుపు వదలదు. కుష్ఠు క్రిమి కాస్త మెత్తనిది, దానికి పల్చటి యాసిడ్ వాడాలి. చెవితమ్మెని చిన్నగా గీరి, ఆ రసాన్ని గాజుపలక మీద పూసి చూడటం కుష్ఠు ఆసుపత్రుల్లో మామూలు పనైంది. 1894లో హాంబుర్గ్ డాక్టరు ఉన్నా చర్మవ్యాధుల కణజాలం మీద పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. 1917లో స్విట్జర్లండులో బ్లాక్ చర్మపు పొరల్ని డోపా అనే పదార్థంలో నానబెడితే రంగు తయారుచేసే కణాలు నల్లబడతాయని చూపించాడు. బొల్లి మచ్చలో ఆ నలుపు రాదు.

ఇవన్నీ తెలిసిపోయిన కాలంలోనే, 1940ల్లో, మా చిన్నమ్మమ్మకి మోచేతుల మీద తెల్ల మచ్చలు లేచాయి. కోస్తానుంచి బోధన్ వైపు వలసపోయిన రైతు కుటుంబం మాది. బొల్లిని శ్వేతకుష్ఠు అనేస్తుంది మన భాష. ఆ రెండో మాట చాలు. కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దంపతులు 1915లో మొదలుపెట్టిన కుష్ఠు ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. అక్కడికి వెడితే అది కాదని చెప్పి పంపేవాళ్ళు. దానికి రంగులు కూడా అక్కర్లేదు. దూదితో తాకితే చాలు, కుష్ఠు మచ్చకి స్పర్శ తగ్గుతుంది, బొల్లికి తగ్గదు. కానీ ఆ గేటు దగ్గర పిల్లని ఎవరైనా చూస్తే? ఆ భయంతో తీసికెళ్ళలేదు. ఆవిడ మా అమ్మమ్మ ఇంట్లోనే, వంటింటి వెనక గదిలో, పొడుగు చేతుల రవికెల్లో ముసలిదైపోయింది. సెలవులకి వెడితే మా పిల్లలందరికీ అన్నం కలిపి పెట్టింది ఆ చేతులే.

పదకొండో రోజున రిపోర్టు వచ్చింది. మామూలు రంగులు కాక యాంటీబాడీలతో వేసే గోధుమరంగు పరీక్ష కూడా చేశారట. ఒక్కో రకం కణాన్నే వెతికి పట్టుకునే యాంటీబాడీలని కావలసినంత తయారుచేసే దారి 1975లో క్యోలర్, మిల్‌స్టైన్‌లు చూపించారు. నా మచ్చ ప్రమాదం లేనిదే.

కుట్లు విప్పాక డాక్టరమ్మ ఆ ఖాళీ గడి చూపించి, ఎవరూ లేరా అని అడిగింది. కలం తీసుకుని “అమ్మమ్మ చెల్లెలు, విటిలిగో” అని రాశాను.

“అంటుకునేది కాదు లెండి,” అంది ఆవిడ.

“తెలుసండీ,” అన్నాను.