చిలుకలో దాగిన ప్రాణం: ఇన్‌స్టలేషన్ డిస్కు కథ

మాయల ఫకీరు కథ మనందరికీ తెలిసిందే. అతని ప్రాణం అతని ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంటుంది. కంప్యూటర్ ప్రాణం కూడా చాలాకాలం పాటు దాని పెట్టెలో కాక, బయట ఎక్కడో ఉండేది.

2005 వేసవిలో ఢిల్లీలో ఈ సంగతి నాకు అనుభవంలోకి వచ్చింది. అప్పుడు మునిర్కాలో ఒక అద్దె గదిలో ఉంటూ ఒక సైన్సు పుస్తకాన్ని తెలుగులోకి అనువదిస్తున్నాను. ఓ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆ తరువాత విండోస్ ఎక్స్‌పి లేవలేదు. 'ఎన్‌టిఎల్‌డిఆర్' అనే ఫైలు లేదన్న ఒక్క వాక్యం నల్లటి తెరమీద నిలిచిపోయింది. అది విడిభాగాలు కొని కూర్పించిన యంత్రం. దానితోపాటు డిస్కేమీ నా చేతికి రాలేదు. పెట్టెను ఆటోలో వేసుకుని నెహ్రూ ప్లేస్‌కు వెళ్ళాను. అక్కడొక దుకాణంలో కుర్రాడు సొరుగులోంచి, పైన మార్కరుతో పేరు రాసి ఉన్న సీడీ ఒకటి తీసి గంటలో యంత్రాన్ని లేపాడు. ఇంటికొచ్చి, 'డి' డ్రైవ్‌లో భద్రంగా ఉన్న అనువాదం తెరిచాను. అక్షరాల స్థానంలో వరుసగా ఖాళీ గళ్ళు!

తెలుగు ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ డిస్కు చరిత్ర కొంత తెలుసుకోవాలి.

మొదటి విత్తనం

కంప్యూటర్ తన మెమరీలో ఉన్న ఆదేశాలను మాత్రమే పాటించగలదు. బయట ఉన్న ప్రోగ్రామును మెమరీలోకి తెచ్చుకోవాలంటే, తెచ్చే పని చేసే ప్రోగ్రాము ముందే మెమరీలో ఉండాలి. తన భుజాల మీద తానే ఎక్కమన్నట్టుంటుంది ఈ చిక్కు. 1960లలోని మినీ కంప్యూటర్లలో దీన్ని మనిషి వేళ్ళతో విడదీసేవారు. యంత్రం ముందు పలకమీద వరుసగా మీటలుండేవి. ఆపరేటరు వాటిని పైకీ కిందికీ వేస్తూ కొద్దిపాటి ఆదేశాలను ఒక్కొక్కటిగా మెమరీలోకి ఎక్కించేవాడు. ఆ చిన్న ప్రోగ్రాము కాగితపు టేపు మీది మరికొంత పెద్ద ప్రోగ్రామును చదివేది. అది అసలు ప్రోగ్రామును తెచ్చేది. మనం నేటికీ వాడే 'బూట్' అన్న మాట ఈ ప్రక్రియ నుంచి వచ్చిందే.

మన దేశంలో ట్రాంబే శాస్త్రజ్ఞుల కృషి ఫలితంగా 1969లో వచ్చిన 12 బిట్ల టి.డి.సి.-12 కూడా ఆ తరం యంత్రమే. దాన్ని తయారు చేసింది 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. ఆ తరం యంత్రాల దగ్గర పనిచేసే అనుభవజ్ఞుడికి మొదటి ఆదేశాలు కంఠస్థంగా ఉండేవి. అంటే అప్పట్లో తొలి విత్తనం మనిషి జ్ఞాపకంలో ఉండేదన్నమాట.

ఫ్లాపీల కాలం

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పీసీలో ఆ తొలి ఆదేశాలు చెరిగిపోని చిప్‌లోకి చేరాయి. స్విచ్చి వేయగానే ఆ చిప్ ఫ్లాపీ కోసం వెతికేది. ఆపరేటింగ్ సిస్టమ్ ఒకే ఒక 160 కిలోబైట్ల ఫ్లాపీలో ఇమిడిపోయేది. 1983లో పీసీ-ఎక్స్‌టి 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో వచ్చాక పరిస్థితి మారింది. సిస్టమ్ లోపలే కాపురం పెట్టింది. ఫ్లాపీ సొరుగులోకి పోయి, ఆపద వేళకు దాచుకునే వస్తువైంది.

1995లో విండోస్ 95 ఫ్లాపీల మీద కావాలంటే 13 ఫ్లాపీలు. పన్నెండు సరిగ్గా చదివి పదమూడోది మొరాయిస్తే పడ్డ శ్రమంతా వృథా. దాదాపు 650 మెగాబైట్లు పట్టే సీడీ ఈ బాధ తప్పించింది. అయితే ఆనాటి చాలా పీసీలకు నేరుగా సీడీ నుంచి లేవడం చేతకాదు. సీడీని చదివించడానికి ముందొక ఫ్లాపీ పెట్టాలి. ఫీనిక్స్, ఐ.బి.ఎం. సంస్థలు 1995లో రూపొందించిన 'ఎల్ టొరిటో' ప్రమాణం వల్ల క్రమంగా ఆ అవసరం పోయింది.

డిస్కు దాక్కుంది

సీడీకి నకలు తీయడం తేలికయ్యాక తయారీదారుల వైఖరి మారింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పి 25 అక్షరాల తాళంతో పాటు 'యాక్టివేషన్' తనిఖీనీ తెచ్చింది. పీసీ కంపెనీలు పెట్టెలో డిస్కు పెట్టడం తగ్గించి, హార్డ్ డిస్కులోనే ఒక మూల రహస్యంగా నకలు దాచసాగాయి. కొన్నవాడి చేతిలో మిగిలింది వాడుకునే అనుమతి, పెట్టెకు అంటించిన ఒక చీటీ. ఈ ఏర్పాటులో లోపం స్పష్టం. హార్డ్ డిస్కు చెడితే నకలూ దానితోనే పోతుంది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే! ఇక నాలాగా కూర్పించుకున్న యంత్రాలు వాడేవారికి ఆ రహస్య నకలూ లేదు, చీటీ కూడా లేదు.

ఇప్పుడు తెలుగు సంగతి. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఎక్స్‌పి కోసం 'గౌతమి' అనే తెలుగు ఫాంటునూ మైక్రోసాఫ్ట్ తయారు చేసింది. కానీ అది మామూలుగా యంత్రంలోకి ఎక్కదు. భాషల అమరికలో ఒక గడికి టిక్కు పెట్టాలి. పెట్టగానే యంత్రం అడిగేది, "విండోస్ సీడీ పెట్టండి" అని. డిస్కు లేకపోతే తెలుగు లేదు! 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని తెరిచి ఖాళీ గళ్ళు చూసి మూసేసినవారు ఎందరో!

నా అనువాదం నిజానికి చెక్కుచెదరలేదు. అక్షరాల సంకేతాలు ఫైలులో పదిలంగా ఉన్నాయి. వాటికి రూపమిచ్చే భాగమే యంత్రంలో లేదు. నాలుగో రోజున ఒక మిత్రుడి దగ్గర అసలు డిస్కు దొరికింది. పది నిమిషాల్లో గళ్ళు అక్షరాలయ్యాయి. 2007లో వచ్చిన విస్టా నుంచి తెలుగు విండోస్‌తోపాటే వస్తోంది.

పంచుకునే విత్తనాలు

మరో దారి కూడా ఉంది. 1991లో పుట్టిన లినక్స్‌కు నకలు తీసి పంచడం నేరం కాదు, ప్రోత్సాహకరమైన పని. సైబర్ మీడియా వారి 'పీసీ క్వెస్ట్' పత్రిక 1996లో లినక్స్ సీడీని పాఠకులకు అందించడం మొదలుపెట్టింది. పత్రిక కొన్నవాడి ఇంటికి ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ చేరేది. ఉబుంటు రూపకర్తలు 2011 వరకు, అడిగినవారికి ఉచితంగా సీడీలు పోస్టులో పంపారు. మన సీ-డాక్ సంస్థ భారతీయ భాషలతో 'బాస్' లినక్స్‌ను 2007లో విడుదల చేసింది.

డిస్కు మాయమయ్యాక

2011లో ఆపిల్ తన కొత్త మాక్‌లకు ఇంటర్నెట్ నుంచే సిస్టమ్‌ను తిరిగి తెచ్చుకునే సౌకర్యం ఇచ్చింది. 2012లో విండోస్ 8తో వచ్చిన పీసీల్లో ఆ 25 అక్షరాల తాళం మదర్‌బోర్డు చిప్‌లోకే వెళ్ళింది. నేడు 8 గిగాబైట్ల పెన్ డ్రైవ్, పనిచేసే మరో కంప్యూటర్, ఇంటర్నెట్ ఉంటే చాలు. తయారీదారు సైటు నుంచే అసలు నకలు తీసుకోవచ్చు. మార్కరుతో పేరు రాసిన సీడీలో సిస్టమ్‌తోపాటు ఏ వైరస్ ఉందోనని భయపడనక్కరలేదు.

కాబట్టి చిలుక మళ్ళీ చోటు మార్చింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇప్పుడు ఎవరికైనా దొరుకుతుంది. దొరకనివి రెండు: మన సొంత రాతలు, వాటికి వేసిన తాళాలు. చాలా కొత్త పీసీలలో డిస్కు మొత్తం సంకేతలిపిలో ఉంటుంది. విండోస్‌లో 'బిట్‌లాకర్' వాడితే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది పోగొట్టుకుంటే సిస్టమ్‌ను తిరిగి ఎక్కించగలం కాని, పాత రాతలు తెరవలేం. యంత్రం బాగున్నప్పుడే పెన్ డ్రైవ్ తయారు చేసుకోవాలి. ఆ అంకెలు కాగితం మీద రాసి ఉంచాలి. రాతలకు మరో చోట నకలు ఉంచాలి. నా సొరుగులో ఇప్పుడు ఆ మూడూ ఉన్నాయి. నెహ్రూ ప్లేస్‌నుంచి ఆటోలో తిరిగొచ్చిన ఆ సాయంత్రం వీటిలో ఒక్కటీ నా దగ్గర లేదు.