శవం ముందు నడిచిన సావిత్రిబాయి

చావు దగ్గర కూడా కులం పక్కకు తప్పుకోదు మిత్రులారా. ఊరి చావు కబురు మోసింది మనమే. గొయ్యి తవ్వింది మనమే. పాడె ముందు డప్పు కొట్టింది మనమే. అదంతా వెట్టి. మన మనిషి పోతే మాత్రం ఆరడుగుల జాగా కోసం కొట్లాడాలి. అందుకే అంత్యక్రియలు ఎవరు చేయాలి, ఎలా చేయాలి అన్నది మనకు ఒక్క ఇంటి వ్యవహారం కాదు. దాని వెనక చరిత్ర ఉంది.

జోతిబా ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్ సమాజ్ పెట్టారు. పురోహితుడు లేకుండా పెళ్లిళ్లు చేసి చూపించారు. పెళ్లికి అక్కర్లేనివాడు చావుకెందుకు? ఈ ప్రశ్నను ఆయన తన చావు దాకా తీసుకుపోయారు. 1887లో వీలునామా రాశారు. తనను కాల్చొద్దని, ఉప్పు వేసి పూడ్చమని కోరారు.

1890 నవంబర్ 28న ఆయన కన్నుమూశారు. ఇళ్ల మధ్య పూడ్చడానికి మున్సిపాలిటీ ఒప్పుకోలేదు. దహనమే చేయాల్సి వచ్చింది. అక్కడ ఇంకో పేచీ. పెంచుకున్న కొడుకు యశ్వంత్ ఒక బ్రాహ్మణ వితంతువు బిడ్డ. అతను కుండ పట్టడానికి వీల్లేదని బంధువులు అడ్డం తిరిగారు. అప్పుడు సావిత్రిబాయి ముందుకొచ్చి కుండ తానే అందుకున్నారు. శవం ముందు నడిచారు. చితికి నిప్పు పెట్టారు. భర్త పోయిన ఆడమనిషి మూలన కూర్చోవాల్సిన కాలం అది!

1956 డిసెంబర్ 7. బొంబాయి దాదర్ సముద్రతీరంలో బాబాసాహెబ్ అంత్యక్రియలు బౌద్ధ పద్ధతిలో జరిగాయి. నాగపూర్ దీక్షకు అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఆ శ్మశానంలోనే భదంత ఆనంద కౌసల్యాయన్ చేతుల మీదుగా వేలమంది బౌద్ధం తీసుకున్నారు. ఏడుపు ప్రతిజ్ఞగా మారింది.

మన దగ్గరికి వస్తే, 2023 ఆగస్టులో గద్దర్‌ను అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే బౌద్ధ పద్ధతిలో ఖననం చేశారు.

ఫూలే కోరిక సగమే తీరింది. చోటు దగ్గర ఓడింది, మనిషి దగ్గర గెలిచింది. మనం నేర్చుకోవాల్సింది ఇదే. బతికుండగా మంత్రాలను ఎదిరించిన కార్యకర్తను, పోయాక ఆ మంత్రాలకే అప్పజెప్పడం మనం చూస్తూనే ఉన్నాం. కాబట్టి రాసి పెట్టండి. ఖననమా, దహనమా? ఎక్కడ? ఎవరు మాట్లాడాలి? ఏ పాట పాడాలి? డప్పు మోగాలా? మోగితే వెట్టిగా కాదు, మన గౌరవంగా మోగాలి. చోటుకు అనుమతి ముందే కనుక్కోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు బంధువులు అడ్డం తిరిగినా కుండ అందుకుని ముందు నడిచే మనిషి ఎవరో ఇప్పుడే అడిగి ఒప్పించుకోండి.

జై భీమ్.