మూడు రాళ్ళ పొయ్యి, మట్టికుండ, అబ్కారీ చట్టం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని ఎరుకల, యానాది, సుగాలి ప్రజల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం సెటిల్‌మెంట్ల గురించి, పోలీసు హాజరీ గురించి, వలస కూలి గురించి మాట్లాడుకుంటాం. పొయ్యి మీది కుండ గురించి మాట్లాడుకోం. చట్టం కన్ను ఆ కుండ మీద కూడా పడింది. ఆ సంగతి మన యువత తెలుసుకోవాలి.

ముందు కుండలో జరిగే పని చూద్దాం. బీరుకు మూలం మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. మొలకెత్తినప్పుడు గింజలోని పిండిని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. నీళ్ళు 65 నుంచి 68 డిగ్రీల వేడిలో ఉంటే ఆ పని చక్కగా సాగుతుంది. మరిగే నీళ్ళు పోస్తే ఆ గుణం చచ్చిపోతుంది. థర్మామీటరు లేని రోజుల్లో ఇంగ్లండులో బీరు కాచేవాళ్ళు మరిగిన నీళ్ళలో కొలత ప్రకారం చన్నీళ్ళు కలిపి ఆ వేడి తెచ్చుకునేవారు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అని మనం సంసారం గురించి అనే మాట అక్కడ వృత్తి రహస్యం.

మన దేశంలోనూ ఈ విద్య ఉంది. బస్తర్, కోరాపుట్ వైపు ఆదివాసులు చేసే 'లందా' ఒక రకం బియ్యపు బీరే. కింద కుండలో నీళ్ళు కాగుతుంటే పైన బియ్యప్పిండి ఆవిరికి ఉడుకుతుంది. అందులో మొలకెత్తించిన ధాన్యం పొడి, నీళ్ళు కలిపి పులియబెడతారు. దీనికి రాగి బాయిలరు అక్కర్లేదు. కుండలు, పొయ్యి, చేతి అంచనా చాలు.

మన మైదానంలో కల్లుకు నిప్పుతో పని లేదు. చెట్టు నుంచి దిగిన కల్లు తనంతట తానే పులుస్తుంది. ఇళ్ళలో పులిసేది అంబలి, తరవాణి. వంటచెరకు చేల నుంచే వచ్చేది. పత్తికట్టె భగ్గున మండి త్వరగా ఆరిపోతుంది. మిరపకట్టె పొగ దగ్గు తెప్పిస్తుంది. ఎక్కువసేపు నిలకడగా కాగాలంటే తుమ్మ మొద్దు కావాలి. ఏ కట్టె ఎంతసేపు కాగుతుందో ఆడవాళ్ళకు బాగా తెలుసు. పేదింట్లో కుండా పొయ్యీ చౌకైన సామాను. వాటిని వాడే తెలివి మాత్రం చౌక కాదు.

1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా సారా కాచడమే కాదు, కాచడానికని సరుకు, పాత్ర, పరికరం ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమైంది. సర్కారుకు మద్యం పెద్ద ఆదాయం. లైసెన్సు, పన్ను కట్టే స్తోమత డిస్టిలరీలకూ కాంట్రాక్టర్లకూ ఉంది, మనకు లేదు. అంటే సామాను ఎంత చౌకైనా అనుమతి ఖరీదైపోయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకున్న ఎరుకలవారు ఆ చట్టం కింద పుట్టుకతోనే అనుమానితులయ్యారు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపే స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. పుట్టుకనే నేరంగా చూసిన కాలంలో ఇంట్లో కుండ కనబడితే ఎలా చూసి ఉంటారో వేరే చెప్పాలా?

మద్యం మీద ఈ లాగులాట పెద్దల ప్రభుత్వాలనూ కూల్చింది. 1937లో సేలం జిల్లాలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. 1954 నవంబరులో ఆ నిషేధం వివాదంపైనే టంగుటూరి ప్రకాశం పంతులు గారి ఆంధ్ర ప్రభుత్వం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తర్వాత ఒంగోలు జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

మిగతా లోకంలో ఏం జరిగింది? బ్రిటన్‌లో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1963 వరకు లైసెన్సు కావాలి. ఆ ఏడాది దాన్ని ఎత్తేశారు. అమెరికా కేంద్ర చట్టం 1978లో అనుమతించింది. ఇప్పుడు అక్కడ ఇంటి బీరు ఒక సరదా. మన దేశంలో 1975లో కేంద్ర ప్రభుత్వం, గిరిజనులు తమ అవసరానికి సంప్రదాయ పానీయం చేసుకోనివ్వాలని మార్గదర్శకాలిచ్చింది. 1996 నాటి పెసా చట్టం మత్తు పానీయాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు చేర్చింది. కానీ పెసా షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. మన పత్తి, మిరప మైదానాలకు ఆ రక్షణ లేదు. హైదరాబాద్‌లో లైసెన్సున్న మైక్రోబ్రూవరీలో స్టీలు ట్యాంకులో నీళ్ళు కాగితే అది వ్యాపారం. ఆ పనే లైసెన్సు లేని గుడిసెలో జరిగితే కేసు.

ఇంతమాత్రాన సారాను నెత్తిన పెట్టుకోమని మనం అనడం లేదు. పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు ఎందుకు తిరగబడ్డారో మనకు తెలుసు. కూలి డబ్బు సారా దుకాణానికి పోతే పిల్లలు పస్తులున్నారు. 1992లో వాళ్ళు చేసిన పోరాటం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించినా సారా మీద నిషేధం అలాగే ఉంది. ఈరోజు దొంగచాటుగా కాచే నాటుసారాలో ఏం కలుపుతున్నారో తాగేవాడికి తెలియదు. అది మన పెద్దల సంప్రదాయం కాదు. దాని జోలికి పోవద్దు. నాలుగు రూకల కోసం కాయడానికి, మోయడానికి పిలిచేవాళ్ళుంటారు. కేసు పడేది మాత్రం మోసినవాడి మీద.

మన మీద వేసిన ముద్రను మాత్రం మనం ఒప్పుకోనక్కర్లేదు. "మీవాళ్ళు సారా కాచేవాళ్ళు కదా" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, 1886 సంగతి, 1911 సంగతి చెప్పండి. గింజ మొలకెత్తించడం, నీళ్ళ వేడి పట్టడం, పులుపు ఆపడం లోకమంతా గౌరవించే విద్య అని చెప్పండి. ఇంట్లో అవ్వ ఉంటే తరవాణి కుండ ఎలా పెట్టేవారో, ఏ కట్టె వాడేవారో అడిగి ఫోనులో రికార్డు చేయండి. మన చరిత్రను ఇన్నాళ్ళూ పోలీసు రికార్డులే రాశాయి. ఇకమీదట మన ఇంటి మాట కూడా అందులో చేరాలి.