ఇంటి ధర, వడ్డీ రేటు, ద్రవ్యోల్బణం: ఈ మూడింటి లెక్క తెలుసుకున్నాకే సంతకం

సొంత ఇల్లు కొనాలా, ఇంకొన్నాళ్లు కిరాయికే ఉండాలా? హైదరాబాద్ పాతబస్తీలోనైనా, కర్నూలు, గుంటూరులోనైనా మన ఇళ్లలో తరచూ నడిచే చర్చ ఇది. ముస్లిం కుటుంబాలకు దీనితో పాటు ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది: వడ్డీ జోలికి పోకుండా ఇల్లు ఎలా? 'వడ్డీ రేట్లు తగ్గాయి', 'ద్రవ్యోల్బణం దిగింది' అన్న వార్తలు చూసి తొందరపడే ముందు, అవి మన జేబుపై ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలి.

ద్రవ్యోల్బణం తగ్గితే ధరలు తగ్గినట్టు కాదు

ద్రవ్యోల్బణం అంటే ధరలు పెరిగే వేగం. అది 7 శాతం నుంచి 3 శాతానికి వచ్చిందంటే సరుకులు చౌక అయ్యాయని కాదు. ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, కాకపోతే నెమ్మదిగా. మన దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 2022 ఏప్రిల్‌లో 7.79 శాతం ఉంటే, 2025 అక్టోబర్‌లో 0.25 శాతానికి పడిపోయింది. అలాగని ఈ మధ్యలో పెరిగిన కిరాయిలు, స్కూల్ ఫీజులు వెనక్కి రాలేదు.

ఇంకో సంగతి. ఈ సూచీలో ఇంటి కిరాయి లెక్కలోకి వస్తుంది గానీ, ఇంటి అమ్మకం ధర రాదు. కూరగాయలు చౌకై సూచీ దిగిన నెలలో కూడా ఫ్లాట్ ధర పెరుగుతూ ఉండొచ్చు.

రెపో రేటు మన కిస్తీని ఎలా కదిలిస్తుంది?

బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీనే రెపో రేటు అంటారు. ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాలో ఉంచడం రిజర్వ్ బ్యాంకు లక్ష్యం. ధరలు మరీ వేగంగా పెరిగితే రేటు పెంచుతుంది, వ్యాపారాలు మందగిస్తే తగ్గిస్తుంది. కరోనా కాలంలో, 2020 మేలో, రెపో 4 శాతానికి వచ్చింది. 2022 మే నుంచి పెరుగుతూ 2023 ఫిబ్రవరికి 6.50 శాతానికి చేరి, రెండేళ్లు అక్కడే ఆగింది. 2025లో నాలుగు విడతల్లో 5.25 శాతానికి దిగింది.

2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ గృహ రుణాలు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి. అందుకే ఈ మార్పులు నేరుగా ఇంటికి వస్తాయి. 30 లక్షల రుణం, 20 ఏళ్ల గడువు తీసుకుని లెక్కేద్దాం:

- వడ్డీ 7 శాతమైతే నెల కిస్తీ సుమారు రూ. 23,259. మొత్తం వడ్డీ దాదాపు 25.8 లక్షలు.
- వడ్డీ 9.5 శాతమైతే నెల కిస్తీ సుమారు రూ. 27,964. మొత్తం వడ్డీ దాదాపు 37.1 లక్షలు.

అంటే 9.5 శాతం దగ్గర, అసలు కంటే వడ్డీయే ఎక్కువ. తీసుకున్న తొలి నెలల్లోనే రేటు 7 నుంచి 9.5కి పెరిగిందనుకోండి. నెల వడ్డీ ఒక్కటే సుమారు రూ. 23,750 అవుతుంది. పాత కిస్తీ రూ. 23,259 కడుతూ పోతే వడ్డీ కూడా పూర్తిగా తీరదు, అప్పు పెరుగుతుంది.

2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, రేటు మారినప్పుడు కిస్తీపైనా, గడువుపైనా ప్రభావం ఎంతో బ్యాంకు మీకు చెప్పాలి. కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, ఫిక్స్‌డ్ రేటుకు మారాలా అని అడగాలి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ గృహ రుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఇప్పటికే రుణంలో ఉన్నవారు చేతిలో డబ్బు ఆడినప్పుడు అసలులో కొంత కట్టేయండి. వడ్డీ నుంచి త్వరగా బయటపడే దారి అది.

వడ్డీ తగ్గితే ఇల్లు చౌకవుతుందా?

చాలాసార్లు కాదు. నెలకు రూ. 25,000 కట్టగలిగిన కుటుంబానికి 20 ఏళ్లకు 9 శాతం వడ్డీపై సుమారు 27.8 లక్షల రుణం వస్తుంది. 7.5 శాతమైతే సుమారు 31 లక్షలు. అందరి చేతికీ మూడు లక్షలు ఎక్కువ వస్తే, అమ్మేవాళ్లు కూడా ధర పెంచుతారు. రేటు తగ్గిన లాభంలో కొంత వాళ్ల జేబులోకే పోతుంది.

ఫ్లాట్ ధరకు పైన వచ్చే ఖర్చులు కూడా చూసుకోండి. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 50 లక్షల ఇంటికి 3.75 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్‌పై సాధారణంగా 5 శాతం జీఎస్టీ అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఇంటికి జీఎస్టీ ఉండదు.

దాచిన డబ్బు కరుగుతుంది

వడ్డీకి దూరంగా ఉండి నగదు దాచేవారికి వేరే లెక్క ఉంది. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే, బీరువాలోని 10 లక్షల కొనుగోలు శక్తి ఐదేళ్లకు దాదాపు 7.5 లక్షలకు సమానమవుతుంది. పైగా మనం నివసించే ఇంటిపై జకాత్ లేదు గానీ, ఇంటి కోసం దాచిన నగదు నిసాబ్ దాటి ఏడాది గడిస్తే దానిపై 2.5 శాతం జకాత్ ఇవ్వాలని ఎక్కువ మంది ఉలమా చెబుతారు. అందుకే 'తర్వాత చూద్దాం' అని ఏళ్ల తరబడి నగదు ఉంచడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఖర్చు ఉంది.

వడ్డీ లేని దారులు

మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకు లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశం ఇవ్వాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనతో ముందుకు వెళ్లడం లేదని రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పింది. ఉన్న దారులు ఇవి:

1. కుటుంబ భాగస్వామ్యం. అన్నదమ్ములు లేదా దగ్గరివాళ్లు కలిసి కొనడం. ఉండేవారు మిగతావారి వాటాకు కిరాయి ఇస్తూ, వాటాను కొంచెం కొంచెంగా కొనుక్కుంటారు. వాటాలు నోటిమాటగా వద్దు, రిజిస్టర్ చేయించండి.
2. బిల్డర్‌తో కిస్తీలు. మొత్తం ధర ముందే ఖాయం చేసుకుని విడతలుగా కట్టడం. ఆలస్యమైతే వడ్డీ వేస్తామన్న షరతు ఒప్పందంలో ఉందేమో చదవండి. రెరా చట్టం ప్రకారం, అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకముందు బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు.
3. ముందు ప్లాట్, తర్వాత ఇల్లు. డబ్బు ఉన్నంతవరకు అంతస్తు అంతస్తుగా కట్టుకోవడం. ప్లాట్ వక్ఫ్ భూమో, చెరువు పరిధిలోదో కాదని కాగితాలతో తేల్చుకున్నాకే బయానా ఇవ్వండి.

'హలాల్ లాభం' పేరుతో నెలనెలా పెద్ద మొత్తం ఇస్తామనే సంస్థలతో మాత్రం జాగ్రత్త. 2019లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు, ఆడవాళ్ల నగలు చిక్కుకుపోయాయి.

గృహ రుణంపై ఫత్వా విషయం మీ మసీదు ఇమామ్‌నో, నమ్మకమైన ముఫ్తీనో పరిస్థితి మొత్తం చెప్పి అడగండి. ఏ దారి పట్టినా సంతకానికి ముందు ఇంట్లో అందరూ కూర్చుని మూడు లెక్కలు వేసుకోండి: రేటు 2 శాతం పెరిగితే కిస్తీ కట్టగలమా? ఆరు నెలలు జీతం లేకపోతే, గల్ఫ్ నుంచి డబ్బు ఆగిపోతే ఎలా? బయానా, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోయాక చేతిలో ఏమైనా మిగులుతుందా? మూడింటికీ జవాబు దొరికితే ధరలు ఎటు పోయినా ఇల్లు నిలబడుతుంది. దొరక్కపోతే ఇంకొన్నాళ్లు కిరాయికి ఉండటంలో నామోషీ లేదు.