బూట్లు పాలిష్ చేయించుకున్న మనిషి

ఫొటోలో పడ్డ తొలి మనిషిగా చెప్పుకునే పెద్దమనిషి బూట్లు పాలిష్ చేయించుకుంటూ దొరికిపోయాడు. 1838లో పారిస్‌లో లూయీ దగేర్ పైనుంచి ఒక వీధిని తీశాడు. బళ్లూ జనమూ తిరిగే వీధే. కానీ పలకమీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి కదిలిందల్లా మాయమైంది. కాలెత్తి కదలకుండా నిలబడ్డ ఈయన మాత్రం కింద మూలన చీమంత మిగిలాడు. పేరు ఎవరికీ తెలియదు.

తర్వాత చాలాకాలం పెద్ద కట్టడాల పక్కన మనిషిని కొలబద్దలా నిలబెట్టారు, కట్టడం ఎంత పెద్దదో తెలియడానికి. 1915లో న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో ఫొటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ తన ఫొటోలో ఆ కొలతను తిరగేశాడు. కొత్తగా లేచిన మోర్గాన్ బ్యాంకు గోడ, అందులో చీకటి గుంటల్లాంటి కిటికీలు. కింద ఏటవాలు ఎండలో నడిచిపోయేవాళ్లు, ఒక్కొక్కరి వెంట బారెడు నీడ. ఇక్కడ చూడాల్సింది మనిషి ఎంత చిన్నవాడయ్యాడన్నదే. ఈ వరసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో ఇదే.

1925లో సినిమా రీలుతో పనిచేసే లైకా కెమెరా లైప్‌జిగ్ సంతలో అమ్మకానికొచ్చింది. కెమెరా జేబులోకి చేరింది. ఇక మనిషి నిలబడక్కర్లేదు, నిలబడాల్సింది ఫొటోగ్రాఫరే. 1932లో పారిస్ సాంలజార్ రైల్వేస్టేషన్ వెనక ఆంరి కార్తియే-బ్రెసాఁ దడి చెక్కల సందులో కెమెరా పెట్టాడు. ఒకాయన నీటిగుంట మీదుగా దూకాడు. మడమ ఇంకా నీళ్లను తాకలేదు. వెనక గోడమీది పోస్టర్‌లో ఒక నర్తకి కూడా గాల్లోనే ఉంది! సందు లెన్సుకు చాలక ఎడమవైపు చెక్క అడ్డొచ్చింది. ఆ ముక్క కత్తిరించేశారు.

వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో ఫొటోలు తీస్తూ తిరిగాడు. కెమెరా మెరుపు కనపడకుండా నల్లరంగు పూసి, కోటు గుండీల మధ్య లెన్సు దాచి, మీట తీగను చొక్కాచేతిలోంచి లాక్కున్నాడు. కన్ను పెట్టి చూసుకునే వీల్లేదు. ఫ్రేమును రైలే కట్టిపెట్టింది: ఎదుటి సీటు, వెనక కిటికీ. మారేది ముఖాలే. ఎవరినీ అడగలేదు మరి. ఆ ఫొటోలు ‘మెనీ ఆర్ కాల్డ్’ పుస్తకంగా రావడానికి 1966 దాకా పట్టింది.

మెట్రోలో ఎదుటి సీటువైపు ఫోన్ ఎత్తేవాళ్లు, పదిమందికీ పంపేముందు ఆ కూర్చున్నవాళ్లను ఒక్కమాట అడగండి.